వదులుగా చుట్టిన ఉండ

అత్తగారు స్నానాలగదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్న చప్పుడు వినిపించగానే ముందుగదిలో మాటలు ఆగాయి. పెద్దకోడలు సూదులు ఆపలేదు, తలా ఎత్తలేదు. గడ్డంతో మాత్రం లోపలిగది వైపు చూపించింది.

“వెళ్ళు చెల్లీ. ఈ ఎండల్లో ఆవిడ నీళ్ళ దగ్గరికి వెళ్తే తొందరగా రాదులే.”

చిన్నకోడలు కడుపు బరువుకి ఒక పక్కకి ఒరిగి, గుమ్మం పట్టుకుని లేచింది. ఆమెది గుమ్మం పక్కన వేసిన పొట్టి కుర్చీ. ఫ్యాను గాలి అక్కడిదాకా రాదు. అయినా అది ఆ గదిలో నాలుగో కుర్చీ. ఈ వేసవికి ముందు అక్కడ మూడే ఉండేవి: పెద్దకోడలిదొకటి, బడికి సెలవులిచ్చాక రోజూ మధ్యాహ్నం వచ్చే టీచరమ్మదొకటి, మూడోది వీధి చివరి మందుల షాపావిడది.

లోపలిగదిలో కిటికీ కింద రాట్నం, పక్కన ఉన్ని మూట, దాని పక్కన బుట్ట. బుట్టలో, పుట్టబోయే బిడ్డకి అత్తగారు అల్లుతున్న దుప్పటి. నిన్న సాయంత్రానికి అది జానెడు దాటింది. బూడిదరంగు ఉన్ని, తెల్ల ఉన్ని కలిపి అత్తగారే వడికిన నూలు. అంచంతా అలల అల్లిక. చూపు మసకబారిన మనిషి, వేళ్ళతో తడుముకుంటూ అల్లింది. ఒకచోట కుట్టు జారి కన్నం పడింది. చిన్నకోడలి చిటికెనవేలు దూరేంత కన్నం.

మొదట్లో ఆ కన్నాలే సాకు. “పసిబిడ్డ వేళ్ళు ఇరుక్కుంటాయి. విప్పి పెడితే ఆవిడే మళ్ళీ సరిగ్గా అల్లుకుంటుంది. చెబితే బాధపడుతుంది, చెప్పకు” అంది పెద్దకోడలు. తర్వాత సాకుతో పని లేకపోయింది.

సూది లాగేసి, దారం కొస పట్టుకుని లాగింది. కుట్లు ఒకదాని వెనక ఒకటి టుక్కు టుక్కుమని వదిలాయి. నాలుగు వేళ్ళ వెడల్పు మిగిలేదాకా విప్పి, మిగిలిన కుట్లు మళ్ళీ సూదికి ఎక్కించింది. విప్పిన దారం ఉంగరాలు తిరిగి ఒళ్ళో పోగుపడింది. దాన్ని ఎడమచేతి రెండు వేళ్ళ మీదుగా వేసి ఉండ చుట్టింది. నాలుగైదు చుట్లకోసారి వేళ్ళు బయటికి తీసి, ఉండని తిప్పి, మళ్ళీ వేళ్ళు లోపల పెట్టి చుట్టాలి. అప్పుడు ఉండ వదులుగా ఉంటుంది, లోపలి ఉన్ని ఊపిరి పీల్చుకుంటుంది. ఈ ఇంట్లో అడుగుపెట్టాక ఆమె నేర్చుకున్న మొదటి పని అది. నేర్పింది అత్తగారే.

ముందుగదిలోకి వచ్చేసరికి పందెం మొదలైపోయింది.

“ఇవాళ ఎలుకలంటుంది” అంది మందుల షాపావిడ. నవ్వు ఆమెకి ముందు భుజాల్లో పుడుతుంది, తర్వాత నోటిదాకా వస్తుంది. “ఎలుకలు కొట్టాయేమో చూడండర్రా అంటుంది.”

“అనదు. జానతో కొలుచుకుంటుంది. కొలిచి, తన చెయ్యే పెద్దదైందేమోనని అనుమానపడుతుంది” అంది టీచరమ్మ.

“ఓడినవాళ్ళు టీ పెట్టాలి” అంది పెద్దకోడలు.

అత్తగారు గోడ తడుముకుంటూ వచ్చింది. తడిజుట్టు వీపు మీద అతుక్కుపోయి ఉంది. ఒక చేతిలో బుట్ట. గుమ్మంలో నిలబడి దుప్పటి బయటికి తీసింది. బొటనవేలు ఒక అంచున ఆనించి చెయ్యి చాచింది. చిటికెనవేలు ఖాళీలోకి పోయింది. ఇంకోసారి కొలిచింది. చేతిని కళ్ళ దగ్గరగా తెచ్చుకుని, వేళ్ళు ముడిచి తెరిచి చూసుకుంది.

మందుల షాపావిడ భుజాలు కదిలాయి. టీచరమ్మ కాలితో ఆమె కాలు నొక్కింది.

“నిన్న జానెడు అల్లాననుకున్నానే” అంది అత్తగారు.

“అనుకున్నారు అత్తయ్యా” అంది పెద్దకోడలు తేనె పూసిన గొంతుతో. “నిన్నంతా మీరు కునుకుతూనే ఉన్నారు. సూదులు చేతిలో ఉంటే అల్లినట్టే ఉంటుంది మరి.”

“వయసు మీద పడితే అంతేనండీ. మా అమ్మ భోంచేసి చెయ్యి కడుక్కునేలోపు, నాకింకా భోజనం పెట్టలేదనేది” అంది టీచరమ్మ.

అత్తగారు వాళ్ళవైపు తిరగలేదు. గుమ్మం పక్కన ఉన్న కుర్చీ వైపు తిరిగింది. ఆ కుర్చీలో ఎవరుంటారో ఆమెకి తెలుసు.

“అమ్మాయ్, నిన్న సాయంత్రం నీ ఒళ్ళో వేసి చూపించానుగా. ఎంత ఉంది?”

గదిలో ఫ్యాను చప్పుడు ఒక్కటే మిగిలింది. పెద్దకోడలు అప్పుడు ఆపింది సూదులు. టీచరమ్మ కళ్ళజోడు మీదుగా చూసింది.

“ఇంతే ఉంది అత్తయ్యా” అంది చిన్నకోడలు.

అత్తగారు బుట్టలోంచి ఉండ తీసి అరచేతిలో పెట్టుకుంది. పండు పండిందో లేదో చూసినట్టు మెల్లగా నొక్కింది.

“అలాగా. నువ్వే చెప్తున్నావంటే ఇంతే ఉండుంటుంది” అని లోపలికి వెళ్ళిపోయింది.

లోపలిగది తలుపు పడ్డాక మందుల షాపావిడ నోటికి అల్లిక అడ్డం పెట్టుకుని, కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వింది. “దుప్పటా అది, చేతిరుమాలా? ఈవిడ గారి బిడ్డ పుట్టి పెళ్ళీడుకొచ్చినా నాలుగు వేళ్ళు దాటేట్టు లేదు!”

“పెళ్ళికొడుకు మూతి తుడుచుకోవడానికి పనికొస్తుందిలే” అంది పెద్దకోడలు.

చిన్నకోడలు కూడా నవ్వింది. కొంచెం ఎక్కువ గట్టిగానే నవ్వింది. మందుల షాపావిడ ఓడిపోయింది కాబట్టి ఆమే టీ పెట్టింది. రోజూ చిన్నకోడలికి చివర వచ్చే కప్పు ఆ రోజు రెండోదిగా వచ్చింది. లోపలిగదిలో రాట్నం తిరగడం మొదలైంది. ఆ చప్పుడు సాయంత్రందాకా ఆగలేదు. రోజూ ఉండే చప్పుడే. ఎవరూ పట్టించుకోలేదు.

సాయంత్రం బస్సుల డిపో నుంచి భర్త వచ్చి, పెరటి కుళాయి దగ్గర చేతుల గ్రీజు రుద్దుకుంటుంటే, చిన్నకోడలు సబ్బు అందిస్తూ నిలబడింది.

“మీ అమ్మ అల్లుతోంది చూడు, దుప్పటి...”

“ఊఁ.”

“పెరగడం లేదు.”

“కళ్ళు కనపడని మనిషి. ఎంతని అల్లుతుంది? కాలక్షేపం.”

“అది కాదు. వదిన...”

అతను చేతులు దులిపి నీళ్ళు చిమ్మాడు. “చూడు, వదినతో నువ్వు బాగుంటున్నావని మొన్ననే అన్నయ్య దగ్గర గొప్పగా చెప్పుకున్నాను. మీ అల్లికల మధ్యలోకి నన్ను లాగకు. చిక్కు పడితే నాకు విప్పడం రాదు.”

తన మాటకి తానే నవ్వుకుని తువాలు కోసం చెయ్యి చాచాడు. ఆమె తువాలు ఇచ్చింది. రేపట్నుంచి విప్పకూడదు అనుకుంది. నిన్నా అదే అనుకుంది. నెలలు నిండేలోపు ఒక్క పది రోజులు వదిలేస్తే చాలు, దుప్పటి దానంతటదే అయిపోతుంది. ఇంకా వ్యవధి ఉంది.

పొద్దున్నే ఇస్త్రీ ఆమె బట్టల మూట కోసం పెరటి వసారాలోకి వచ్చింది. అత్తగారు అప్పటికే తలుపు తీసుకుని వచ్చి గట్టు మీద కూర్చుని ఉంది.

“నీ మనవరాలెలా ఉందే?”

“ఏం చెప్పమంటారు పెద్దమ్మగారూ! పిడికెడంత ఉంది. ఎనిమిదో నెలకే తొందరపడి వచ్చేసిందిగా. ఈ ఎండలోనూ ఒళ్ళు చల్లగానే ఉంటుంది. పాత గుడ్డలన్నీ చుట్టిపెడుతున్నాం.”

చిన్నకోడలు లోపలిగది ఊడుస్తోంది. చీపురుకి అడ్డమొచ్చిందని ఉన్ని మూట ఎత్తి పక్కకి పెట్టబోయింది. రెండు చేతులా పట్టుకుంటే గాని కదలని మూట ఒక్క చేతికే లేచి వచ్చింది.

“ఉన్ని ఇంత తగ్గిపోయిందేమిటి అత్తయ్యా?”

“వడుకుతుంటే తగ్గదూ?” అంది అత్తగారు వసారాలోంచే.

నిజమే కదా అనుకుని ఆమె ఊడ్చుకుంటూ పోయింది.

ఇస్త్రీ ఆమె వెళ్ళాక అత్తగారు లోపలికి వచ్చి రాట్నం ముందు కూర్చుంది. చిన్నకోడలి చెయ్యి అందుకుని దగ్గరికి లాక్కుని, కడుపు మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచింది.

“ఇటు తిరిగాడు. నిన్న కాళ్ళు అటు ఉన్నాయి.” చెయ్యి తీసి, బుట్టలోని ఉండ అందుకుంది. కొస లాగి బొటనవేలితో రాసింది. “ఈ దారం అరిగిపోతోందమ్మాయ్. ఊరికే తిరుగుతుంటే నూలుకైనా, మనిషికైనా వడి పోతుంది. చలి వచ్చేలోపు వీడికి దుప్పటి కావాలా, వద్దా?”

“కావాలి అత్తయ్యా.”

“నాతో ఏమైనా చెప్పాలా?”

ముందుగదిలో పెద్దకోడలు కుర్చీలు సర్దుతున్న చప్పుడు. నాలుగో కుర్చీ నేల మీద రాసుకుంటూ గుమ్మం పక్కకి జరిగింది.

“ఏమీ లేదు అత్తయ్యా.”

“సరే, పో. పని చూసుకో.”

ఆ మధ్యాహ్నం ఆమె విప్పలేదు. బుట్ట ముందు కూర్చుని, దుప్పటి ఒళ్ళో వేసుకుని, జారిన కుట్టు మీద వేలు పెట్టుకుని కూర్చుంది. స్నానాలగదిలో నీళ్ళ చప్పుడు ఆగాక దుప్పటి ఉన్నది ఉన్నట్టే బుట్టలో పెట్టి ముందుగదిలోకి వచ్చింది.

“అయిందా?” అంది పెద్దకోడలు.

తల ఊపింది.

అత్తగారు గుమ్మంలో నిలబడి కొలిచింది. బొటనవేలు, చిటికెనవేలు. చిటికెనవేలు ఉన్ని మీదే ఆగింది. మళ్ళీ కొలిచింది. ముఖంలో ఏదో కదిలింది. చిన్నకోడలి కుర్చీ వైపు ఒకసారి చూసి, దుప్పటిని గుండెలకి ఆనించుకుని, గోడ తడమకుండానే లోపలికి వెళ్ళిపోయింది.

“కళ్ళు బాగుపడ్డట్టున్నాయి ఆవిడకి” అంది పెద్దకోడలు.

మర్నాడు గుమ్మం పక్కన కుర్చీ లేదు.

“కాలు ఊగుతోంది చెల్లీ. బాగుచెయ్యడానికి పక్కన పెట్టాను. నెలల మనిషివి, పడితే ఎవరు జవాబు చెప్పాలి?” అంది పెద్దకోడలు.

చిన్నకోడలు గోడకి ఆనుకుని నిలబడింది. ఆమె చేతిలో సగం అల్లిన పసిమేజోడు ఉంది. మందుల షాపావిడ చెయ్యి చాచి అది తీసుకుంది, వెలుగులోకి ఎత్తి అటూ ఇటూ తిప్పింది.

“కాలికా ఇది, ఏనుగు తొండానికా?”

“ఇలా ఇవ్వండి.” టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుంది. పరీక్ష పేపరు చూసినట్టు వరసలు చూసింది. “మడమ ఎక్కడ తిప్పావమ్మా? మడమ లేని మనిషికా అల్లుతున్నావు?”

“ఆవిడ దగ్గర నేర్చుకుంటే ఆవిడలాగే వస్తుంది మరి” అంది పెద్దకోడలు. “నేను నేర్పుతానని పిలిచి కూర్చోబెట్టాను. ఏకు తెచ్చి ఒళ్ళో పెట్టుకుంటే మేకై గుచ్చుకుంది.”

మేజోడు చేతులు మారి తిరిగి వచ్చింది. తర్వాత ముగ్గురూ ఊరి సంగతుల్లో పడ్డారు. ఎవరింట్లోనో కొత్త అల్లుడు, ఎవరికో నడుం పట్టుకోవడం, బడి తెరిచే రోజు. చిన్నకోడలు ఏదో అడిగితే ఆ ప్రశ్న వినపడనట్టే మాట ఆమె మీదుగా సాగిపోయింది. పాదాల్లో నీరు దిగి, చెప్పుల వారు ఒరుసుకుంటున్నా ఆమె బయటికి పోలేదు. టీ వచ్చింది. పళ్ళెంలో మూడు కప్పులు.

అప్పుడే స్నానాలగది గడియ పడింది.

ఎవరూ ఆమెకి చెప్పలేదు. ఎవరూ గడ్డంతో చూపించలేదు. తనంతట తనే వెళ్ళింది. రెండు సూదులూ లాగేసింది. ఈసారి నాలుగు వేళ్ళ దగ్గర ఆగలేదు. వరస వెనక వరస, అలల అంచు, జారిన కుట్టు, దానిపక్కన జారని కుట్లు, అన్నీ విప్పుకుంటూ పోయింది. అరిగిన దారం రెండుచోట్ల పుటుక్కుమంది. ముడి వేసి మళ్ళీ లాగింది. సూదికి ఎక్కించిన మొట్టమొదటి వరస, దానిపైన ఇంకో మూడు వరసలు, అంతే మిగిల్చి మళ్ళీ సూదికి ఎక్కించింది. రెండు వేళ్ళు పెట్టి, వదులుగా, పద్ధతిగా ఉండ చుట్టింది. చేతులకి ఆ పని అలవాటైపోయింది, చూడకుండానే చేస్తాయి.

తిరిగి వచ్చేసరికి గుమ్మం పక్కన కుర్చీ ఉంది. కాలేమీ ఊగడం లేదు.

ఆ రోజు అత్తగారు గుమ్మంలోకి వచ్చి కొలుచుకుంటుందని అందరూ ఎదురుచూశారు. ఎలుకలని ఒకరు, చెదలని ఒకరు పందెం వేశారు. ఆమె రాలేదు. లోపల రాట్నం మొదలైంది.

పెద్దకొడుకు కొట్టు మూసి ఇంట్లో ఉన్న రోజు చూసి పెద్దకోడలు మధ్యాహ్నం టీ అతనికి కూడా ముందుగదిలోనే ఇచ్చింది. స్నేహితురాళ్ళు ఇద్దరూ కాస్త ఒదిగి కూర్చున్నారు.

“అత్తయ్యా, ఒకసారి ఇలా రండి. మీ అబ్బాయికి దుప్పటి చూపించండి. వేసవంతా అల్లారు కదా పాపం” అని కేకేసింది పెద్దకోడలు.

అత్తగారు బుట్టతో వచ్చి కొడుకు పక్కన కూర్చుంది. బుట్టలోంచి తీసి కొడుకు చేతిలో పెట్టింది. సూది చుట్టూ నాలుగు వరసలు. అతను దాన్ని ముందు నుంచి, వెనక నుంచి చూసి తల్లికి తిరిగి ఇచ్చాడు.

“ఇదేమిటమ్మా?”

“దుప్పటిరా.”

మందుల షాపావిడ దగ్గుతున్నట్టు తల పక్కకి తిప్పుకుంది.

“రోజూ ఇంతేనండీ” అంది పెద్దకోడలు గొంతు తగ్గించి, గదిలో అందరికీ వినపడేలా. “అల్లాననుకుంటారు. విప్పేశారంటారు. మొన్న ఎలుకలన్నారు. పైకి నవ్వుతాం గాని లోపల ఎంత బాధో నాకు తెలుసు. పసివాడు పుట్టాక వాడి పక్కన ఈ మొనదేలిన సూదులు పెట్టుకుని, మతి స్థిమితం లేకుండా...”

అత్తగారు ఎలుకలని ఏనాడూ అనలేదు. ఆ సంగతి గదిలో అల్లుకునే నలుగురికీ తెలుసు. చిన్నకోడలు తన మేజోడు వైపు చూస్తూ కూర్చుంది. మడమ మళ్ళీ విప్పి కొత్తగా మొదలుపెట్టింది, టీచరమ్మ చెప్పినట్టు.

పెద్దకొడుకు కప్పు కింద పెట్టాడు. చెడ్డవాడు కాదు. తల్లి చెయ్యి పట్టుకుని, మెల్లగా, పసిపిల్ల చేతిలోంచి కత్తెర తీసుకున్నట్టు సూదులు తీసుకున్నాడు. దుప్పటి సూదుల నుంచి జారి ఆమె ఒళ్ళో పడింది.

“ఇంక చాలమ్మా. ఎందుకు ఈ అవస్థ? హాయిగా కూర్చో.”

“తీసుకోరా” అంది అత్తగారు. “నా పని అయిపోయింది.”

పెద్దకోడలు మొగుడి వైపు చూసి, చూశారా అన్నట్టు కనుబొమలు ఎగరేసింది.

మర్నాడు తొలి వాన పడింది. వేసవి దుమ్మంతా పెరట్లో బురదై ప్రవహిస్తుంటే ఇస్త్రీ ఆమె తలమీద గోనె వేసుకుని పరుగున వసారాలోకి వచ్చింది. వెనకే ఆమె కూతురు. కూతురి గుండెల మీద బిడ్డ.

“పెద్దమ్మగారికి చూపిద్దామని తీసుకొచ్చానమ్మా. ఈ వానలో తడవకుండా ఎలా వచ్చామో దేవుడికే తెలియాలి. పెద్దమ్మగారూ, చూడండి, ఎంత నప్పిందో!”

బిడ్డ మూతి ఒక్కటే బయటికి కనపడుతోంది. మిగతా అంతా ఉన్ని. బూడిదరంగు, తెలుపు కలిసిన నూలు. నాలుగు వైపులా అలల అంచు. చిన్నకోడలు ఒక అడుగు ముందుకి వేసి, చెయ్యి చాచి అంచు పట్టుకుంది. మెత్తగా ఉంది. దారం నిండుగా, ఉబ్బుగా ఉంది, ఒక్కసారి కూడా విప్పని దారం. ఒక మూల కుట్టు జారినట్టుంది. జారినచోట ఎవరో ఓపిగ్గా పట్టుకుని, పైకి ఎత్తి, ముడి తెలియకుండా కుట్టారు. చిటికెనవేలు దూరలేదు.

“నిన్న బట్టల మూటలో పెట్టి పంపించారమ్మా” అంది కూతురు. “విప్పి చూసి మా అమ్మ పొరపాటున వచ్చిందేమోనని భయపడింది. కాదట, మాకేనట.”

అత్తగారు బిడ్డ తలమీద చెయ్యి వేసి చూసింది. “వెచ్చగానే ఉంది. వాన తగ్గాక వెళ్ళండి.”

వాళ్ళు వెళ్ళాక చిన్నకోడలు లోపలిగది గుమ్మంలో నిలబడింది. అత్తగారు రాట్నం కదురు నుంచి నూలు తీసి పొడవాటి చుట్టగా, చిలప చుట్టింది.

“వచ్చావుగా. చేతులు పట్టు.”

చిన్నకోడలు ఎదురుగా పీట మీద కూర్చుని చేతులు చాచింది. అత్తగారు చిలపను ఆమె రెండు మణికట్లకీ తగిలించింది. కొస పట్టుకుని రెండు వేళ్ళ మీద ఉండ చుట్టడం మొదలుపెట్టింది. దారం కుడిచేతి నుంచి ఎడమచేతికి, ఎడమచేతి నుంచి కుడిచేతికి జారుతోంది.

“ఎప్పుడు అల్లారు?” అంది చిన్నకోడలు.

“తెల్లారగట్ల. మీరు లేచేలోపు. ఇంకో జత సూదులున్నాయి నాకు.”

“మాకు తెలీదు.”

“రోజూ రాట్నం తిప్పాను. పాత ఉండే మళ్ళీ మళ్ళీ బుట్టలోకి వస్తుంటే, కొత్తగా వడికిన నూలు ఎటు పోతోందని ఒక్కరూ అడగలేదు. ఆ గదిలో నలుగురూ అల్లేవాళ్ళే.” ఉండ తిప్పి మళ్ళీ వేళ్ళు పెట్టింది. “చెయ్యి దించకు, జారిపోతుంది.”

చిన్నకోడలు చేతులు ఎత్తి పట్టుకుంది. ముక్కు మీదికి జారిన చెమట తుడుచుకోవడానికి వీల్లేదు.

“మీకు తెలుసా అత్తయ్యా?”

“రెండోరోజే తెలిసింది. విప్పిన దారానికి ఉంగరాలు పోవు. కళ్ళు పోయాయి గాని వేళ్ళకేమైంది?”

“అక్క చెప్పింది కాబట్టి...”

“మీ అక్క విప్పలేదు. ఆవిడ చుడితే ఉండ రాయిలా ఉంటుంది, విసిరితే తల పగులుతుంది. బుట్టలోది మెత్తగా ఉంది. రెండు వేళ్ళ మీద చుట్టడం ఈ ఇంట్లో ఇద్దరికే వచ్చు.”

వాన మళ్ళీ అందుకుని చూరు నుంచి ధారగా కారుతోంది. చిలప సగమైంది.

“అది నా బిడ్డ కోసం అన్నారు.”

“రెండూ నీ బిడ్డకనే మొదలుపెట్టాను. నువ్వు చెప్తావని చూశాను. ఒకరోజు విప్పకుండా వదిలేశావు. ఆ సాయంత్రం నా పెట్టె తెరిచి, లోపల దాచిన రెండో దుప్పటి తీసుకుని నీ గది గుమ్మందాకా వచ్చాను. పడుకున్నావు, లేపడమెందుకని వెనక్కి వచ్చాను.” అత్తగారు ఒక క్షణం చుట్టడం ఆపింది. “మర్నాడు మొదటి వరస దాకా విప్పేశావు.”

చిన్నకోడలు ఏడుపు మొదలుపెట్టింది. చేతులు దారంలో ఉన్నాయి కాబట్టి ముఖం దాచుకోలేకపోయింది. అత్తగారు ఆగి చూడలేదు. ఓదార్చనూ లేదు. కొస చివరిదాకా చుట్టి, ఆమె మణికట్లు ఖాళీ చేసి, కొత్త ఉండని తన పక్కన పెట్టుకుంది. బుట్టలోంచి పాత ఉండ తీసి, నాలుగు వరసల ముక్కతో సహా ఆమె ఒళ్ళో వేసింది.

“ఇది నీది. నువ్వు చుట్టినదే.”

“ఇంకొక్కటి అల్లండి అత్తయ్యా. మీ కాళ్ళు పట్టుకుంటాను.”

“సూదులు తీసేసుకున్నారుగా” అంది అత్తగారు.

“తెల్లారగట్లవి ఉన్నాయిగా.”

“ఉన్నాయి.” రాట్నం తనవైపు జరుపుకుంది. “నీ బిడ్డకేం తక్కువ? వాడికి వాళ్ళ పెద్దమ్మ ఉంది.”

రోజూ కడుపు మీద ఆనించి చూసే ఆమె అరచెయ్యి ఆ పూట అటు రాలేదు.

పెద్దకోడలిని అడిగి సూదులు తీసుకుంది చిన్నకోడలు. నేనే అల్లుకుంటానక్కా అంటే, అల్లుకో, మంచిదేగా అంది పెద్దకోడలు. గుమ్మం పక్కన పొట్టి కుర్చీలో కూర్చుని ఆ అరిగిన దారంతోనే మొదలుపెట్టింది. రెండు వరసలకోసారి తెగుతోంది. ముడి వేసి అల్లుతోంది. వేలికి ప్రతి ముడీ తగులుతోంది. వానలు పడ్డా ఉక్క తగ్గలేదు. టీచరమ్మ బడి ఇంకా తెరవలేదు. లోపలిగదిలోంచి అత్తగారు ముందుగదిలోకి రావడం మానేసింది. ఆమె రాకపోతే మధ్యాహ్నాలు పొడుగ్గా ఉన్నాయి. నవ్వుకోవడానికి ఏమీ లేదు. మందుల షాపావిడ రెండుసార్లు ఆవలించింది.

రెండో రోజు సాయంత్రానికి దుప్పటి జానెడైంది. తన జానతో కొలుచుకుంది. ముడులు కనపడుతున్నాయి, అంచు వంకర పోయింది, అయినా జానెడుంది. చలి వచ్చేలోపు అయిపోతుంది. వాడికి ఇది చాలు.

మూడో రోజు మధ్యాహ్నం, కడుపులో ఏదో బిగపట్టినట్టైతే, అల్లిక కుర్చీలో పెట్టి పెరటివైపు వెళ్ళింది. కాళ్ళు కడుక్కుని, గోడ పట్టుకుని కాసేపు నిలబడి తిరిగి వచ్చింది.

ముగ్గురూ తలలు వంచుకుని అల్లుకుంటున్నారు. గదిలో ఫ్యాను చప్పుడు ఒక్కటే.

కుర్చీలో కూర్చుని అల్లిక ఒళ్ళోకి తీసుకుంది. బొటనవేలు అంచున ఆనించి చెయ్యి చాచింది. చిటికెనవేలు ఖాళీలోకి పోయింది.

నాలుగు వేళ్ళు.

“అక్కా” అంది. “ఇది జానెడు ఉండాలి.”

మందుల షాపావిడ భుజాలు కదిలాయి. టీచరమ్మ కాలు ముందుకి జరిగింది.

“అనుకున్నావు చెల్లీ” అంది పెద్దకోడలు తేనె పూసిన గొంతుతో. “నెలలు నిండేటప్పుడు మతిమరుపు మామూలే. పొద్దుట్నుంచీ కునుకుతూనే ఉన్నావు.”

“నాకూ అంతేనమ్మా, నా పెద్దవాడు కడుపులో ఉన్నప్పుడు” అంది టీచరమ్మ.

చిన్నకోడలు ఒళ్ళో ఉన్న ఉండ చేతిలోకి తీసుకుంది. వేళ్ళతో నొక్కింది. దిగలేదు. బిగించి చుట్టిన ఉండ, రాయిలా ఉంది.

లోపలిగదిలో రాట్నం ఆగింది. అటు ఎవరో చెవి ఒగ్గి వింటున్నట్టు ఆగింది. పెద్దకోడలు సూదులు ఆపి చూస్తోంది. పళ్ళెంలో నాలుగు కప్పులున్నాయి, ఇంకా ఎవరూ తీసుకోలేదు.

“అవునక్కా” అంది చిన్నకోడలు. “ఇంతే ఉంది.”

మందుల షాపావిడ ఇంక ఆపుకోలేకపోయింది. లోపల రాట్నం మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది.